దండారీకి ఎవరెవరు వస్తున్నరు?

 

దసరా సెలవులు అయిపోయి హాస్టల్‌కు తిరిగొచ్చి బ్యాగు విప్పకముందే మాకు ఇంటి నుంచి ఫోన్లు మొదలైతయి. "ఈ యేడు దండారీకి మీరెంతమంది వస్తున్నరు?" అని. అడిగేది అమ్మానాన్నలే కాదు. పటేల్ తాత అడుగుతడు, దేవారి మామ అడుగుతడు, ఫోన్ చేయడం రాని అవ్వ పక్కింటోళ్ల ఫోన్ తీసుకుని మరీ అడుగుతది. ఏదో ప్రేమతో రమ్మంటున్నరు, పండుగకు పిల్లలు ఇంట్ల ఉంటే బాగుంటదని అనుకుంటున్నరు అని మొదట్లో మేమూ అనుకునేటోళ్లం. ప్రేమ ఉంటది, నిజమే. కానీ ఆ ఫోన్లలో ఒక లెక్క కూడా ఉంటది. ఆ లెక్క గురించే ఈ పోస్టు. కొంచెం పెద్దగైతది, ఓపికతో చదవండి.

మేమంటే జైనూర్ దిక్కు ఒకే గూడెం పిల్లలం, పదకొండు మందిమి. మగపిల్లలం ఏడుగురం, ఆడపిల్లలం నలుగురం. హైదరాబాద్‌లో డిగ్రీ, పీజీ, నర్సింగ్ చదివేటోళ్లం కొందరం, ఆదిలాబాద్‌లో ఐటీఐ ఇద్దరు, ఉట్నూరులో ఇంటర్ ఇద్దరు. అందరం కలిసి మాట్లాడుకుని రాస్తున్నం కాబట్టి 'మేము' అనే రాస్తున్నం.

ముందు తేదీల సంగతి. బడులకు, కాలేజీలకు పెద్ద సెలవులు దసరాకు. బతుకమ్మ నుంచి మొదలై దాదాపు రెండు వారాలు. మా గూడేల్లో దసరా లేదని కాదు, ఉంది. కానీ దసరా దశమి అయిన అయిదో నాడు ఆశ్వయుజ పౌర్ణమి. ఆ రోజు జోడేఘాట్‌లో కుమురం భీము వర్ధంతి. ఆ పౌర్ణమి దాటినంక భోగి చేసుకుని దండారీ ఎత్తుతం. అక్కడి నుంచి దీపావళి అమావాస్య దాకా, ఆ తర్వాత కోలబోడి దాకా మా పండుగ. అంటే బడి గేట్లు మళ్లీ తెరిచినంకనే మా పండుగ మొదలైతది. మధ్యల ఎస్ఏ-1 పరీక్షలు, మాకు ఇంటర్నల్స్, చివర్ల దీపావళికి ఒక్క రోజు సెలవు. 2024నే తీసుకోండి. సెలవులు అక్టోబర్ 14తో అయిపోయినయి. పౌర్ణమి 17న. దీపావళి 31న. మాకు పండుగ లేని రోజుల్లో ఇంట్ల కూసున్నం, పండుగ ఉన్న రోజుల్లో క్లాసుల కూసున్నం.

దీన్ని హాస్టల్లో వేరే జిల్లాల దోస్తులకు చెప్తే, "అరే, గుస్సాడీ డాన్సే కదా, రీల్స్‌ల చూసినం, నెమలి ఈకలది" అంటరు. వాళ్ల తప్పు కాదు, వాళ్లకు కనబడేది అంతే. అతిథి ఎవరో వస్తరు, వేదిక దగ్గర పది నిమిషాలు గుస్సాడీ ఆడిపిస్తరు, ఫొటోలు దిగుతరు, టోపీ ఒకసారి పెట్టుకుని చూస్తమంటరు. గుస్సాడీ అంటే దండారీలో ఒక భాగం. దండారీ అంటే ఒక ఊరు లేచి ఇంకో ఊరికి చుట్టంగా పోవుడు. ఇది మనలో తెలియనోళ్లు ఎవరూ లేరు. కానీ బయటోళ్లకు చెప్పేటప్పుడు మనం కూడా "మా డాన్స్" అనే మొదలుపెడుతున్నం. అక్కడే తేడా వస్తున్నదని మాకనిపిస్తది.

ఇప్పుడు పటేల్ తాత లెక్కకు వద్దాం.

2023లో నార్నూర్ దిక్కు నుంచి ఒక ఊరి దండారీ మా గూడేనికి వచ్చింది. రెండు రాత్రులు ఉన్నరు. వాళ్లకు మా సగతో సంబంధాలు కలుస్తయి, మా ఊరి ఆడబిడ్డలు ఇద్దరు ఆ ఊర్లోనే ఉన్నరు. కాళ్లకు నీళ్లిచ్చినం, ఇంటింటికి పంచుకుని అన్నాలు పెట్టినం, పోయేటప్పుడు మా పెద్దలు "వచ్చే యేడు మేము వస్తం" అని మాటిచ్చిన్రు. ఆ మాటకు కాగితం లేదు, తేదీ లేదు. అయినా అది బాకీయే. 2024లో మా దండారీ ఆ ఊరికి పోవాలె.

పోవాలంటే మనుషులు కావాలె. తాత వేళ్ల మీద లెక్కబెట్టి చెప్పిండు. పర్రలకు ఇద్దరు. డోలుకు ఒకరు. గుమేలలకు నలుగురన్నా. వెట్టెకు ఒకరు. పేప్రె, కాలికోంకు పర్ధాన్ కాకా, ఆయన కొడుకు. గుస్సాడీలు ఇద్దరికి తక్కువ ఉండొద్దు. పోరిక్‌లు ఇద్దరు. కోలలు పట్టి తిరిగేటోళ్లు పది పన్నెండు మంది. వెంట పెద్దమనుషులు నలుగురైదుగురు. అంతా కలిపి ముప్పై దగ్గర. మా గూడెం ఇండ్లు నలభై ఆరు. వినడానికి చాలనే అనిపిస్తది. కానీ అదే రోజుల్లో పత్తి మొదటి ఏరుడు. సోయా కోత ముగిసి ముగియక ముందే పత్తి పగులుతది. ఆ పత్తి పైసల మీదనే అప్పు తీర్చుడు, మా ఫీజు కట్టుడు అన్నీ ఉంటయి. ఇంటికి ఒక మగమనిషి దండారీకి పోతే ఇంట్ల ఆడోళ్ల మీద పని పడుతది. మంచిర్యాల, చంద్రాపూర్ దిక్కు పనులకు పోయినోళ్లు వేరే. ఇవన్నీ తీసేస్తే మిగిలేది ఇరవై ముగ్గురు. "మీ ఏడుగురు వస్తే దండారీ కదులుతది, లేకుంటే ఈ యేడు ఊర్లెనే ఆడుకుంటం" అన్నడు తాత. కోపంగా అనలేదు. ట్రాక్టర్‌కు డీజిల్ ఎంత పడుతదో చెప్పినట్టు చెప్పిండు.

ఏడుగురం ఫోన్లో ఒక్కొక్కరి సంగతి చూసుకున్నం. ఒకనికి సోమవారం ఇంటర్నల్ ఉంది. ఒకనికి అటెండెన్స్ 75 శాతానికి సరిగ్గా అంచున ఉంది, నాలుగు రోజులు పోతే కిందికి జారుతది. ఐటీఐ ఇద్దరికి ప్రాక్టికల్స్. సెలవు అడగబోతే ఒక దగ్గర సారు మంచిగనే విన్నడు. ఇంకో దగ్గర "మీకు దసరాకు పదమూడు రోజులు ఇచ్చినం కదా" అన్నరు. ఆ మాటకు మావోడు ఏం జవాబు చెప్పాలె? పౌర్ణమి, అమావాస్య లెక్క చెప్పబోతే "ఎవరి పండుగకు వాళ్లకు సెలవిస్తే కాలేజీ నడుస్తదా" అన్నరు. చివరికి ఇంటర్నల్ ఉన్నోడు తప్ప ఆరుగురం బయలుదేరినం. జేబీఎస్‌లో శుక్రవారం రాత్రి ఉట్నూరు బస్సు. లక్సెట్టిపేట, జన్నారం దాటినంక అడవి గాలి కిటికీలోంచి తగిలితే నిద్ర పట్టలేదు ఎవరికీ.

పొద్దున దిగేసరికి ఇంకో వార్త ఉంది. మార్లవాయి కనక రాజు తాత ముందురోజే, అక్టోబర్ 25న, కన్నుమూసిండని. గుస్సాడీని ఢిల్లీ గణతంత్ర వేడుకల దాకా తీసుకుపోయినాయన, 2021లో పద్మశ్రీ అందుకున్నాయన. దండారీ నడుస్తున్న రోజుల్లోనే పోయిండు. మా ఊరి పెద్దలు ఇద్దరు అటు పోయిన్రు. ఆ రోజు మా గూడెంలో ఆట తక్కువ, మాటలు ఎక్కువ. ఆయన దగ్గర అడుగులు నేర్చుకున్నోళ్లు మా దిక్కు ఎందరో ఉన్నరు. మార్లవాయి పేరు చెప్తే బయటోళ్లకు హైమండార్ఫ్ గుర్తొస్తడు, బెట్టీ ఎలిజబెత్ సమాధి గుర్తొస్తది, 1943లో గోండు పిల్లల చదువు కోసం అక్కడ మొదలైన పని గుర్తొస్తది. మా అవ్వలకు మాత్రం రాజు తాత కాళ్ల గజ్జెలే గుర్తొస్తయి.

ఆ రోజు సాయంత్రం మాలో ఒక పంచాయితీ నడిచింది. దాని గురించి రాయకుంటే ఈ పోస్టు అర్థం కాదు.

మాలో ఒకడు, డిగ్రీ రెండో సంవత్సరం, గుస్సాడీ కడతనన్నడు. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్నోడు, కాలేజీ ఉత్సవాల్లో గుస్సాడీ ఆడి బహుమతి కూడా తెచ్చిండు. దేవారి మామ ఒద్దన్నడు. ఎందుకంటే గుస్సాడీ కట్టినోడు భోగి నాడు ఏత్మాసూర్ పేన్ ముందు పూజ చేసి, బూడిద పూసుకుని, మల్‌బూర నెత్తిన పెట్టుకుంటడు. కోలబోడి దాకా స్నానం చేయడు. ఒంటి మీది బూడిద కడగడు. కాళ్లకు చెప్పులేయడు. ఇంటోళ్లకు కూడా దూరంగా చాప మీద పడుకుంటడు. అన్ని రోజులు ఆయన ఫలానా వాళ్ల కొడుకు కాదు. పేన్ ఆయన మీద ఉన్నడని ఊరు మొక్కుతది. చేతిలో సోట తాకితే రోగం పోతదని చంటిపిల్లలను తీసుకొచ్చి ముందు నిలబెడుతరు. "నువ్వు మంగళవారం రాత్రి బస్సెక్కుతవు. బూడిద ఎక్కడ కడుగుతవు? బస్టాండ్ నల్లా కిందనా?" అన్నడు మామ.

మావోడు ఊరుకోలేదు. "మేము చదువుకోవాలని మీరే పంపిన్రు. వచ్చేది నాలుగు రోజులకే వస్తం. అట్లయితే చదువుకున్నోడు ఎన్నడూ గుస్సాడీ కట్టొద్దా?" అన్నడు. ఇది మంచి ప్రశ్న. మాలో సగం మందిమి వాని దిక్కే ఉన్నం. ఇంకొందరం మామ దిక్కు. నాలుగు రోజులకు కట్టి విప్పితే అది వేదిక మీది వేషం లెక్కనే అయితది కదా అని. పెద్దోళ్లలోనూ ఒకాయన "కాలం మారింది, కట్టనియ్యి" అన్నడు. రాత్రి పదింటి దాకా నడిచింది. మామ మాట మారలేదు. కానీ చివర్ల ఒక మాటన్నడు. "ఒక యేడు పూర్తిగ రా. భోగి నుంచి కోలబోడి దాకా. చదువైనంకనో, నౌకరీ వచ్చినంకనో. టోపీ నీకోసం ఉంటది. ఇప్పుడు గుమేల పట్టు." మావోడు అలిగి కాసేపు బయట కూసున్నడు. తెల్లారి గుమేల మెడలో వేసుకున్నడు. మా అభిప్రాయం అడిగితే, మామ సరిగానే చెప్పిండని ఇప్పుడు చాలామందిమి అనుకుంటున్నం. అందరం కాదు.

ఆదివారం మధ్యాహ్నం రెండు ట్రాక్టర్లలో బయలుదేరినం. ఊరు ఇంకో కిలోమీటర్ ఉందనంగా దిగిపోయినం. ఎంత దూరం బండ్లల్ల పోయినా ఊర్లోకి మాత్రం నడిచే పోవాలె, వాయించుకుంటనే పోవాలె. పర్ర మోగితే ఎదురుగా ఊరి పర్ర మోగింది. పొలిమేరలో వాళ్ల పెద్దలు, వాళ్ల దండారీ ఎదురొచ్చిన్రు. పటేల్ ఇంటి ముందర అలికి ముగ్గేసిన వాకిలి. మల్‌బూరలు దించి మంచం మీద పెట్టిన్రు, నేల మీద పెట్టరు మా దగ్గర. కాళ్లకు నీళ్లిచ్చిన్రు. చెంబు పట్టుకున్నది అరవై దాటిన అవ్వ. ఆమె మాలో ఒక్కొక్కని కాళ్ల మీద నీళ్లు పోసుకుంట, "ఎవరింటోడివి? ఏ సగ? మీ అమ్మ ఏ ఊరి బిడ్డ?" అని అడిగింది. హైదరాబాద్‌లో మూడేండ్లుగా మమ్మల్ని ఎవ్వరూ అడగని ప్రశ్నలు. మా ఐటీఐ తమ్ముడు తన సగ చెప్పడానికి తడబడితే అందరూ నవ్విన్రు. పక్కనున్న బావ చెప్పేదాక అవ్వ నీళ్లు పోయలేదు.

నవ్వులాటే గానీ అందులో పని ఉంది. నాలుగు, అయిదు, ఆరు, ఏడు సగల్లో ఎవరు ఎవరికి అన్నదమ్ములు, ఎవరు ఎవరికి మామాబావలు అన్నది తెలిసేది అక్కడే. అన్నదమ్ముల వరుసలో పెండ్లి కుదరదు. దండారీకి పోయిన ఊర్లె పెండ్లి మాటలు నడుస్తయి, పిల్లను చూస్తరు, పిల్లగాణ్ని చూస్తరు. పిల్లగాడు వాయించేటప్పుడు ఎట్లున్నడు, పెద్దోళ్లతో ఎట్ల మాట్లాడిండు అని రెండు రోజులు చూస్తరు. ఈ మధ్య ఫొటో పంపి, బయోడేటా పంపి అడిగే సంబంధాల కన్నా ఇదే మేలని మా అక్కలే అంటరు.

రాత్రి జొన్న రొట్టె, పప్పు, గారెలు. ఎనిమిది మందికి ఒక ఇల్లు చొప్పున పంచుకున్నరు. మేము తిన్న ఇంట్ల ఆ రోజు పత్తి ఏరుడు ఆపిన్రు. వాకిట్ల తూకానికి పోవాల్సిన పత్తి మూట అట్లనే ఉంది. ఎందుకాపిన్రు అంటే, "మీరు వస్తిరి కదా" అన్నరు. తర్వాత నెగడు చుట్టూ పోరిక్‌ల ఆటలు, నవ్వించే ఏషాలు. మా పోరిక్ ఒకడు హాస్టల్ వార్డెన్ ఏషం వేసి, "హాజరు ఉన్నదా, లీవ్ లెటర్ ఉన్నదా" అని ఆ ఊరి పటేల్‌నే నిలదీసిండు. పటేల్ లేచి నిలబడి "ఉన్నా సార్" అన్నడు. మేము ఎప్పుడూ అంతగా నవ్వలేదు.

రెండో రోజు సాయంత్రం వీడ్కోలు. మా తాత, వాళ్ల పటేల్ రాం రాం చెప్పుకున్నంక, వాళ్ల పెద్దాయన అన్న మాట: "నిరుడు మా ఊర్లె జట్టు సరిపోక వేరే రెండు ఊర్లకు బాకీ పడ్డం. మీరైనా వచ్చిన్రు." ఎవ్వరూ దాన్ని సాగదీయలేదు. కానీ తిరిగొచ్చేటప్పుడు ట్రాక్టర్లో అందరి నోట అదే మాట. ఒక ఊరు రాకపోతే ఇంకో ఊరు పోదు. రెండేండ్లు పోకపోతే ఆ దారి మరిచిపోతరు. ఐటీడీఏ నుంచి దండారీలకు పైసలు సాయం వస్తున్నయి, సామాన్లు కొంటున్నరు, మంచిదే. పైసలతో పర్ర కొనొచ్చు. పర్ర మోసేటోణ్ని ఎవరిస్తరు?

మంగళవారం రాత్రి బస్సెక్కినం. దీపావళి సెలవు రోజు, అంటే ప్రభుత్వం మాకిచ్చిన ఆ ఒక్క రోజు, మేము హైదరాబాద్‌లో హాస్టల్ మేడ మీద టపాసుల పొగ చూసుకుంట కూసున్నం. ఊర్లె కోలబోడి నాడు ఊరి బయట ఇప్పచెట్టు కింద పూజ చేసి టోపీలు దించేటప్పుడు తమ్ముడు వీడియో కాల్ చేసిండు. సిగ్నల్ లేక బొమ్మ ఆగి ఆగి వచ్చింది.

ఇక ఆడపిల్లలం మేము నలుగురం చెప్పేది వేరే ఉంది. ఈ దండారీ కథలో అంతా మగపిల్లల ప్రయాణమే కనబడుతది. పోయేది వాళ్లే. కానీ దండారీ వచ్చేటప్పుడు ఎదురుపోయేది, ఇంటింటా వండేది, రేలా పాడేది, వచ్చినోళ్లను ఆటపట్టించేది మేమే. హాస్టళ్లలో మగపిల్లలకు దొరికే సెలవు మాకు దొరకదు. తండ్రి వచ్చి సంతకం పెట్టాలె అంటరు. మా తండ్రులు పత్తి చేను ఇడిచి రెండు వందల యాభై కిలోమీటర్లకు పైనే ఒక్క సంతకానికి ఎట్లొస్తరు? నర్సింగ్ చదివే మా అక్కకు మూడేండ్లుగా దండారీ లేదు. "మగోళ్లు చుట్టాలుగా పోతే మర్యాద. మేము ఊర్లె లేకుంటే వచ్చిన చుట్టానికి కాళ్లకు నీళ్లిచ్చేది ఎవరు? ఆ అరవయ్యేండ్ల అవ్వలేనా ఎప్పుడూ?" అని అడిగింది మొన్న. ఆమె అడిగింది మగపిల్లలను కూడా. చెంబు పట్టుకోవడానికి చేతులు అందరికీ ఉన్నయి.

వేదికల సంగతి కూడా ఒక మాట. రాజు తాత ఢిల్లీ పోయిండు కాబట్టే గుస్సాడీ పేరు దేశానికి తెలిసింది, దాన్ని తక్కువ చేయం. మావోడు కాలేజీలో ఆడిండు కాబట్టే ఆ కాలేజీలో గోండు అనే పేరు తెలిసింది. కానీ రిబ్బన్ కత్తిరించే దగ్గర, ఎండలో రెండు గంటలు నిలబెట్టి, అతిథి కారు దిగంగానే ఆడమనేటోళ్లు పిలిస్తే ఒద్దందాం. అక్కడ మనల్ని ఏ సగ అని అడిగేటోళ్లు ఉండరు.

ఇప్పుడు 2025 సంగతి. దీపావళి అక్టోబర్ 20, సోమవారం. నార్నూర్ దిక్కు ఊరోళ్లు ఈసారి మా దగ్గరికి వస్తమన్నరు, 18 శనివారం వచ్చి 20 దాకా ఉంటరు. అంటే ఈసారి మేము పోయేది కాదు, ఎదురుపోయేది. ఆదివారం, సోమవారం ఎట్లాగూ సెలవే కాబట్టి శనివారం ఒక్క రోజు చూసుకుంటే చాలు. ఇంటర్ పిల్లల కోసం వాళ్ల ప్రిన్సిపల్‌కు మా పటేల్ తాత పేరుతో ఒక లెటర్ రాసినం, గ్రామ పెద్దల సంతకాలతో. మీ ఊర్లోనూ అట్ల రాయాలనుకుంటే నమూనా పంపుతం. దసరా సెలవుల్లోంచి మూడు రోజులు తీసి దీపావళి ముందర ఇయ్యమని ఉట్నూరు ఐటీడీఏ పీవో గారికి ఒక వినతిపత్రం కూడా తయారు చేస్తున్నం. గోండు, కొలాం, పర్ధాన్, తోటి పిల్లలందరి సంతకాలు ఉంటే బరువుంటది. అదనంగా ఒక్క రోజు కూడా అడగట్లేదు, ఉన్న రోజులే జరపమంటున్నం.

మాలో ఇప్పటిదాకా తొమ్మిది మంది పేర్లు ఖాయం. నర్సింగ్ అక్కకు ఇంకా తెలవదు, వాళ్ల వార్డెన్ మేడంతో రేపు మాట్లాడుతది. గుమేల ఒకదానికి తోలు చినిగింది, ఉట్నూరులో ఉన్నోళ్లు ఎవరన్నా బాగు చేసేటోళ్ల నంబర్ తెలిస్తే చెప్పండి. పటేల్ తాతకు ఆదివారం కల్లా లెక్క చెప్పాలె.